సరిహద్దు జిల్లాలో పుస్తకం, ఉద్యోగం: చదివినదాన్ని పనిలోకి తెచ్చుకునే పద్ధతి

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న రాయగడలో మోటార్లకు, మిల్లులకు విడిభాగాలు అమ్మే ఒక దుకాణంలో నేను పంతొమ్మిదో ఏట గుమాస్తాగా చేరాను. చేరిన రెండో నెలలో గుణుపురం వైపు నుంచి ఒక రైసుమిల్లు ఆపరేటరు అరిగిపోయిన బేరింగును పాతగుడ్డలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాని మీద చెక్కిన నాలుగు అంకెల్లో మొదటి రెండూ అరిగి చెరిగిపోయాయి, చివరి 05 మాత్రం కనిపిస్తోంది. షావుకారు ఊళ్లో లేరు. మిల్లు ఆగిపోయి ఉంది కాబట్టి ఆ మనిషి నిలబడలేకపోతున్నాడు. అంతకు ముందు వారం తూకం యంత్రం కింద దుమ్ము దులుపుతూ, ఎత్తు సరిచేయడానికి అక్కడ పెట్టిన ఒక పాత బేరింగుల కేటలాగును తీసి నాలుగు పేజీలు తిరగేశాను. బేరింగు నంబరులో చివరి రెండు అంకెలను ఐదుతో హెచ్చిస్తే లోపలి రంధ్రం వ్యాసం మిల్లీమీటర్లలో వస్తుందని అందులో ఉంది. 05 అంటే 25 అన్నమాట. బయటి వ్యాసం కొలిస్తే 52, వెడల్పు 15 వచ్చాయి. కేటలాగు పట్టికలో ఆ మూడు కొలతలకూ సరిపోయేది 6205. బయటి వ్యాసం 62 వచ్చి ఉంటే అది 6305 అయ్యేది. సరైన బేరింగు ఇచ్చి పంపించాను. సాయంత్రం తిరిగొచ్చిన షావుకారు "ఏటిరా, నంబరు నీకెలా తెలిసింది?" అని అడిగి, నేను చూపించిన కేటలాగు వైపు కాసేపు చూసి, తూకం యంత్రం కింద ఒక చెక్కముక్క పెట్టించారు.

ఇరవై ఏళ్లు దాటిన తరువాత ఇప్పుడు ఒక కర్మాగారంలో స్టోర్స్ విభాగం చూస్తున్నాను. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం వంటి చోట్ల ఉంటూ ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఉద్యోగంలో సగం ఇంగ్లీషు వాడుతూ ఎదగాలనుకునేవారి కోసం ఈ మార్గదర్శి రాస్తున్నాను. చదవడం మంచిదని చెప్పేవారు మనకు కొరత లేదు. ఏం చదవాలి, ఎలా చదవాలి, చదివినది సోమవారం ఉదయం పనిలో ఎలా కనిపించాలి అన్నదే ఇక్కడి విషయం. నా లెక్కలో ఒక పుస్తకం చివరి పేజీతో పూర్తి కాదు, దానివల్ల మన పనిలో కంటికి కనిపించే మార్పు ఒకటైనా వచ్చినప్పుడు పూర్తవుతుంది.

మొదటి మెట్టు: పుస్తకం కంటే ముందు ప్రశ్న

చాలామంది ముందు పుస్తకం కొని, ఆ తరువాత అందులో తమకు పనికొచ్చేది ఏముందో వెతుకుతారు. ఈ వరసను తలకిందులు చేయాలి. ఒక వారంపాటు జేబులో చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, పనిలో మీరు ఎక్కడెక్కడ తడబడ్డారో, ఎవరిని అడగాల్సి వచ్చిందో, ఏ పని రెండుసార్లు చేయాల్సి వచ్చిందో ఆ పూటే రాయండి. వారం చివర వాటిలో ఎక్కువసార్లు వచ్చినదాన్ని ఒక ప్రశ్నగా మార్చండి. ప్రశ్న ఎంత ఇరుకుగా ఉంటే అంత మంచిది. "నేను మంచి మేనేజరు కావడం ఎలా?" అన్నదానికి ఏ పుస్తకమూ జవాబు చెప్పలేదు. "మూడు వేల రకాల వస్తువులున్న స్టోర్స్‌లో ఇద్దరు మనుషులతో వేటిని ముందు లెక్కపెట్టించాలి?" అన్నదానికి జవాబు అచ్చయి ఉంది. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేసిన హెచ్. ఫోర్డ్ డికీ 1951లోనే వస్తువులను ఏ, బి, సి అని మూడు తరగతులుగా విడదీసే పద్ధతిని వివరించాడు. సంఖ్యలో కొద్దిపాటివే అయినా విలువలో సింహభాగం ఉండేవి 'ఏ' తరగతి, వాటిని తరచుగా లెక్కపెట్టాలి. నట్లు, వాషర్ల వంటి సి తరగతి వస్తువుల మీద అంత శ్రమ అక్కర్లేదు. నాకు ఈ సంగతి ఒక పాఠ్యపుస్తకంలో రెండున్నర పేజీల్లో దొరికింది. ప్రశ్న చేతిలో లేకపోతే ఆ రెండున్నర పేజీలను కూడా మిగతావాటిలాగే దాటేసి ఉండేవాణ్ని.

రెండో మెట్టు: ఇరవై నిమిషాల్లో పుస్తకాన్ని తూచడం

పుస్తకం చేతికి రాగానే మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకండి. వెనుక అట్ట మీది పొగడ్తను వదిలేసి, ముందుగా ముద్రణ సంవత్సరం చూడండి. లెక్కలు, పన్నులు, కార్మిక చట్టాల పుస్తకాలకు ఇది ప్రాణం. ఉదాహరణకు జి.ఎస్.టి. 2017 జులై 1న మొదలైనా, 2025 సెప్టెంబరు 22 నుంచి దాని రేట్లు మారాయి. అంతకు ముందు అచ్చయిన పుస్తకంలో సూత్రాలు పనికొస్తాయేమో గానీ, రేట్ల పట్టికను నమ్ముకుంటే బిల్లు తప్పుతుంది. ఆ తరువాత విషయసూచికలో మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్న అధ్యాయాన్ని వెతికి, దాని మధ్యలోంచి ఒకే ఒక పేజీ చదవండి. ఆ పేజీలో ఒక అంకె, ఒక ఉదాహరణ, లేదా ఒక పని చేసే తీరు ఉంటే ఆ పుస్తకం తీసుకోవచ్చు. ఆశీర్వచనాలు మాత్రమే కనిపిస్తే అక్కడే పెట్టేయవచ్చు. మధ్య పేజీ అని ఎందుకంటున్నానంటే, ముందుమాటను అందరూ బాగానే రాస్తారు, అసలు సరుకు ఉందో లేదో నడుమ తెలుస్తుంది.

మూడో మెట్టు: మన ఊళ్లలో పుస్తకం దొరికే చోట్లు

తెలుగు పుస్తకాల దుకాణం మనకు నడిచివెళ్లే దూరంలో ఉండదు. పార్వతీపురం, విజయనగరం, విశాఖపట్నం రైలు దూరంలో ఉన్నాయి కాబట్టి, ఏ పెళ్లికో ఆసుపత్రికో వెళ్లినప్పుడు చీటీ రాసుకుని వెళ్లడం మంచిది. తపాలాలో తెప్పించుకునేవారికి 2025 మే 1న మొదలైన జ్ఞాన్ పోస్ట్ సేవ ఉంది. చదువుకు సంబంధించిన పుస్తకాలను 300 గ్రాముల వరకు 20 రూపాయలకు, 5 కిలోల వరకు 100 రూపాయలకు పంపే రేట్లతో అది మొదలైంది, పన్ను అదనం. విశాఖపట్నంలో ఉన్న మేనల్లుడో స్నేహితుడో ఒకేసారి నాలుగు పుస్తకాలు కట్టి పంపితే, బస్సు డ్రైవరును బతిమాలే పని తప్పుతుంది.

డబ్బు పెట్టకుండా చదవాలంటే ఇంకా తేలిక. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం తన పాఠ్యపుస్తకాలను ఈజ్ఞానకోశ్ అనే వేదికలో ఉచితంగా ఉంచింది. సరుకు నిర్వహణ, అకౌంట్లు, సిబ్బంది వ్యవహారాల మీద అందులో ఉన్న అధ్యాయాలు, నా అభిప్రాయంలో, బజారులో నాలుగైదు వందలకు అమ్మే చాలా పుస్తకాల కంటే నిజాయితీ గలవి. కేంద్ర ప్రభుత్వం తరఫున బడి పుస్తకాలు వేసే ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలు కూడా ఉచితమే. పాత తెలుగు పుస్తకాల స్కాన్ ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో విరివిగా దొరుకుతాయి, గానీ ఉద్యోగానికి కావలసినవి అక్కడ తక్కువ. నేషనల్ బుక్ ట్రస్టు తెలుగులోనూ ఒడియాలోనూ పుస్తకాలు వేస్తుంది. పట్టణంలోని గ్రంథాలయంలో, విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలు వేసే డ్యూయీ వర్గీకరణ పాటిస్తుంటే, 657 అంకె ఉన్న అరలో అకౌంట్లు, 658లో నిర్వహణ, 158లో వ్యక్తిత్వ వికాసం ఉంటాయి. మూడు అంకెలు గుర్తుంటే అరలన్నీ వెతుక్కోనక్కర్లేదు.

నాలుగో మెట్టు: మూడు భాషల నోటుపుస్తకం

మన ప్రాంతపు చదువరికి మాత్రమే ఉన్న చిక్కు ఇది, సరిగ్గా వాడుకుంటే బలం కూడా ఇదే. నేను గట్టిగా చెప్పే నియమం ఒకటుంది: అర్థం చేసుకోవడం మీరు కలలు కనే భాషలో జరగాలి, మాటలు మాత్రం మీరు జీతం తీసుకునే చోటి భాషలో నేర్చుకోవాలి. కొత్త విషయాన్ని ముందు తెలుగులో చదవండి. తెలుగులో లేకపోతే, అదే విషయం ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి పదకొండు, పన్నెండు తరగతుల పుస్తకాల్లో తేలిక ఇంగ్లీషులో ఉందేమో చూసి అక్కడ మొదలుపెట్టండి. ఒడియా మాధ్యమంలో చదివి తెలుగు అక్షరాలు కూడబలుక్కునేవారు సిగ్గుపడవలసిన పని లేదు. రోజుకు ఒక పేజీ పైకి చదివితే మూడు నాలుగు నెలల్లో కళ్లు దారిలో పడతాయి. మా ఇంట్లో మా చెల్లెలు అలాగే నేర్చుకుంది.

నోటుపుస్తకంలో ప్రతి పేజీని నిలువుగా మూడు గళ్లు చేయండి. మొదటి గడిలో తెలుగు మాట, రెండో గడిలో ఒడియా మాట, మూడో గడిలో ఆఫీసులో వాడే మాట రాయండి. జీతం, దొరొమా, శాలరీ. సెలవు, ఛుటి, లీవు. నిల్వ, మొహొజుదొ, స్టాకు. ఇలా వందో రెండు వందలో వరుసలు రాసుకున్నాక, పై అధికారితో ఒడియాలో మాట్లాడేటప్పుడు మాట కోసం తడుముకోవడం తగ్గుతుంది. పదోన్నతి వంటి సంస్కృత మాటలు రెండు భాషల్లోనూ ఒకే అర్థంతో ఉన్నాయి కాబట్టి వాటిని రాసుకోనక్కర్లేదు. రాసుకోవలసినవి, అదీ ఎర్ర సిరాతో, ఒకేలా కనిపిస్తూ అర్థం మార్చుకునేవి. తెలుగులో ఉపన్యాసం అంటే ప్రసంగం, ఒడియాలో నవల. తెలుగులో అవకాశం అంటే వీలు, ఒడియాలో తీరిక లేదా సెలవు. తెలుగులో చేష్ట అంటే కొంచెం ఎద్దేవాగా వినిపిస్తుంది, ఒడియాలో అది గౌరవంగా ప్రయత్నం.

ఈ జాబితాలో అవసరం అన్న మాట ఎలా చేరిందో చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, స్టోర్స్‌కు ఇంకో ఇద్దరు మనుషుల అవసరం ఉందని ఒడియాలో ఒక కాగితం రాసి పై అధికారికి ఇచ్చాను. అదే మాటను ఒడియాలో అబొసొరొ అని పలుకుతారు, అక్కడ దానికి అర్థం తీరిక, పదవీ విరమణ కూడా. నా కాగితం చదివిన ఆయనకు, ఇద్దరు మనుషులు తీరికగా ఉన్నారని అర్థమైంది. వారం తిరక్కుండా ఉన్నవారిలో ఒకరిని ప్యాకింగు విభాగానికి పంపించేశారు. ఆ మనిషిని వెనక్కి తెచ్చుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

పోటీ పరీక్షలకు చదివేవారు ఈ లెక్క ముందే చూసుకోవాలి. రైల్వే నియామక బోర్డుల కంప్యూటరు పరీక్షలను తెలుగు, ఒడియాలతో కలిపి 15 భాషల్లో రాయవచ్చు కాబట్టి, వాటికి తెలుగులో చదువుకుంటే నష్టం లేదు. ఒడిశా రాష్ట్ర ఉద్యోగాలకు మాత్రం ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం తప్పనిసరి. ఇంట్లో ఒడియా పుస్తకం ఒక్కటి కూడా లేకుండా ఆ పరీక్షలకు దరఖాస్తు పెట్టడం, ఈత రాకుండా నాగావళిలో దిగడం లాంటిదే.

అయిదో మెట్టు: పెన్సిలుతో చదివి, పుస్తకం మూసి రాయడం

వాక్యాల కింద గీతలు గీయడం చదివినట్లు అనిపిస్తుందే గానీ, అందులో శ్రమ గీతదే. నేను మార్జినులో మూడే గుర్తులు వాడతాను. అర్థం కానిచోట ప్రశ్నార్థకం, పనిలో చేసి చూడవలసినచోట "ప" అనే అక్షరం, రచయితతో ఒప్పుకోని చోట ఇంటూ గుర్తు. ఒక అధ్యాయంలో "ప" ఒక్కటి కూడా రాకపోతే ఆ అధ్యాయం నాది కాదని తెలుస్తుంది. ఇంటూ గుర్తు పుస్తకం మొత్తం మీద ఒక్కటి కూడా రాకపోతే, నేను నిద్రమత్తులో చదివానని తెలుస్తుంది.

అధ్యాయం అయిన వెంటనే పుస్తకం మూసేసి, చూడకుండా అయిదు వాక్యాల్లో అది చెప్పిన సంగతిని సొంత మాటల్లో రాయాలి. ఈ పని బద్ధకం పుట్టిస్తుంది, అందుకే పని చేస్తుంది. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పరిశోధకుడు అర్థం లేని అక్షరాల కూర్పులను తానే కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత మరచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రకటించాడు. మరపు మొదటి గంటల్లోనే ఎక్కువగా ఉంటుందని, తరువాత నెమ్మదిస్తుందని ఆ కొలతల్లో తేలింది. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు విద్యార్థుల చేత ఒక పాఠం చదివించి, కొందరిని మళ్లీ చదవమన్నారు, కొందరిని చూడకుండా గుర్తు తెచ్చుకుని రాయమన్నారు. అయిదు నిమిషాల తరువాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవారే ముందున్నారు. వారం తరువాత పెడితే, గుర్తు తెచ్చుకుని రాసినవారికి ఎక్కువ జ్ఞాపకం ఉంది. మనకు కావలసింది ఆ వారం తరువాతి జ్ఞాపకమే, ఎందుకంటే మిల్లు ఆగేది పుస్తకం మూసిన అయిదో నిమిషంలో కాదు.

రాసిన అయిదు వాక్యాలను నేను పాత పెళ్లి శుభలేఖల వెనుక వైపు రాస్తాను. అట్ట మందంగా ఉంటుంది, జేబులో నలగదు, మన ఇళ్లలో వాటికి కొరతా లేదు. ముందువైపు ప్రశ్న, వెనుక జవాబు వచ్చేలా పాత అట్టను కత్తిరించుకోవచ్చు. మరుసటి రోజు, వారానికి, నెలకు ఒకసారి ప్రశ్న మాత్రం చూసి జవాబు మనసులో చెప్పుకుని తిప్పి చూస్తే చాలు.

ఆరో మెట్టు: పనిలో పెట్టి చూడడం, రచయిత ఊహలను వెతకడం

ఇక్కడే నేను బాగా దెబ్బ తిన్నాను కాబట్టి కొంచెం ఎక్కువగా చెప్తాను. దుకాణంలో ఉన్న రోజుల్లోనే, ఒకేసారి ఎంత సరుకు తెప్పించాలో లెక్కగట్టే సూత్రం ఒక పుస్తకంలో దొరికింది. ఫోర్డ్ హారిస్ అనే ఆయన 1913లో ప్రకటించిన సూత్రం అది. ఏడాదికి అమ్ముడయ్యే సంఖ్యను, ఒక్కొక్కసారి తెప్పించడానికయ్యే ఖర్చును గుణించి, రెండింతలు చేసి, ఒక వస్తువును ఏడాది పాటు నిల్వ ఉంచడానికయ్యే ఖర్చుతో భాగించి, వర్గమూలం తీయాలి. మా దుకాణంలో, మోటారుతో మిల్లును తిప్పే వి-బెల్టులు ఒక కొలతవి ఏడాదికి 600 పోతాయి. తెప్పించిన ప్రతిసారీ రవాణా, ఫోను, హమాలీ కలిసి 150 రూపాయలు. ఒక బెల్టును ఏడాది ఉంచితే ఇరుక్కున్న డబ్బుకు వడ్డీ, చోటు కలిసి 20 రూపాయలు అనుకున్నాను. 600ను 150తో, రెండుతో గుణిస్తే 1,80,000. దాన్ని 20తో భాగిస్తే 9,000. వర్గమూలం దాదాపు 95. అంతవరకు షావుకారు చేతికొచ్చినట్లు ఒకసారి 200, ఒకసారి 40 తెప్పించేవారు. నేను ప్రతిసారీ 95 అని రాసి పెట్టాను. నెలకు 50 పోతాయి కదా, నిల్వ 25కు రాగానే మళ్లీ తెప్పిద్దాం అని కూడా లెక్క వేశాను.

జులై నుంచి నవంబరు వరకు అంతా సవ్యంగా సాగింది. గోదాములో చోటు మిగిలింది, షావుకారు ఎవరితోనో నా గురించి మంచిగా చెప్పారని కూడా విన్నాను. డిసెంబరులో కోతలు ముగిసి ధాన్యం మిల్లులకు చేరడం మొదలయ్యాక, ఆ ఒక్క నెలలోనే రెండు వందలకు పైగా బెల్టులు అడిగారు. పది రోజుల్లో అల్మారా ఖాళీ. కొత్త సరుకు వచ్చేలోగా మా పాత ఖాతాదారులు ముగ్గురు విజయనగరం వెళ్లి కొనుక్కున్నారు, అందులో ఒకాయన మళ్లీ మా మెట్టు ఎక్కలేదు. షావుకారు కోప్పడలేదు. "పుస్తకం రాసినోడు మన డిసెంబరు సూశాడేటి?" అన్నారు, అంతే.

రాత్రి ఇంటికి వెళ్లి ఆ అధ్యాయం మళ్లీ తీశాను. సూత్రం ఉన్న పేజీకి తరువాతి పేజీలోనే, గిరాకీ ఏడాది పొడుగునా ఒకే తీరున ఉంటుందన్న ఊహ మీద ఈ లెక్క నిలబడి ఉందని స్పష్టంగా రాసి ఉంది. ఆ పేజీని నేను చదవలేదు, సూత్రం దొరికిన సంబరంలో తిప్పేశాను. తరువాతి ఏడాది డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఒక లెక్క, మిగతా తొమ్మిది నెలలకు ఇంకో లెక్క వేసుకున్నాం, అది నిలబడింది.

కాబట్టి ఈ మెట్టులో చేయవలసినది ఇది. పుస్తకంలో చెప్పిన ఏ పద్ధతినైనా పెట్టే ముందు, అది ఏయే ఊహల మీద నిలబడిందో ఒక కాగితం మీద రాయండి. ఒక్కొక్క ఊహ పక్కన "మన దగ్గర ఇది నిజమేనా?" అని రాసి, పనిలో పెద్దవారు ఒకరికి చూపించి అడగండి. పుస్తకం చదవని మనిషికి ఆ ఊహ ఎక్కడ తప్పుతుందో ముందు తెలుస్తుంది. ఆ తరువాత మొత్తం స్టోర్స్‌లో కాకుండా ఒక్క అరలో, ఒక్క వస్తువు మీద, రెండు మూడు నెలలు చేసి చూడండి. పద్ధతి పెట్టకముందు అంకెలు రాసుకోవడం మరచిపోకండి. తరువాత మెరుగైందో లేదో చెప్పడానికి ముందటి అంకె లేకపోతే మిగిలేది మన నమ్మకమే.

ఏడో మెట్టు: వేళ

రోజుకు 12 పేజీలు చదివితే ఏడాదికి 4,380 పేజీలు, అంటే రమారమి 220 పేజీల పుస్తకాలు ఇరవై. ఇంతకంటే ఎక్కువ చదవాలన్న పంతం అనవసరం. షిఫ్టులో పనిచేసేవారు గడియారం వేళ పెట్టుకోకుండా పనికి ముడిపెట్టుకోవాలి: భోజనం డబ్బా తెరిచే ముందు నాలుగు పేజీలు, బస్సులో నాలుగు, పడుకునే ముందు నాలుగు. ఉద్యోగం చేస్తూ చదవడం ఎలా ఉంటుందో తెలియాలంటే పర్లాకిమిడి వైపు చూస్తే చాలు. గిడుగు రామమూర్తి 1880లో అక్కడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరి, పాఠాలు చెప్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది), 1896లో బి.ఏ. ప్యాసయ్యారు. రెండు పరీక్షల మధ్య పదేళ్లు. ఆ కాలంలోనే చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకునే పని కూడా పెట్టుకున్నారు, అందుకు పుస్తకాలే లేవు, మనుషుల నోటి నుంచి విని రాసుకోవలసి వచ్చింది.

ఎనిమిదో మెట్టు: వ్యక్తిత్వ వికాస పుస్తకాలతో జాగ్రత్త

వీటిని చదవవద్దని అనను, నేనూ చదివాను, కొన్ని నన్ను మంచం మీద నుంచి లేపాయి. కానీ వీటిలో చాలావాటిని పది పేజీల వ్యాసంగా కుదించవచ్చు. మిగతా రెండు వందల పేజీలు గెలిచినవారి కథలు. అదే పని చేసి ఓడిపోయినవారి కథ ఎవరూ అచ్చు వేయరు కాబట్టి, ఆ పనివల్లే గెలిచారని నమ్మడానికి మన దగ్గర ఆధారం ఉండదు. ఇంకొక సంగతి, ఈ పుస్తకాలు ఎవరి జీవితాన్ని చూసి రాశారో గమనించాలి. తెల్లవారుజామున నాలుగింటికి లేవమని చెప్పే రచయితకు, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు సి షిఫ్టులో ఉన్న మనిషికి నాలుగు గంటలంటే కునుకుతో పోరాడే సమయమని తెలియదు. ఇలాంటి పుస్తకం నుంచి ఒకే ఒక అలవాటును తీసుకుని, అలవాటు కుదరడానికి ఇరవై ఒక్క రోజులు చాలని లెక్కలు పెట్టుకోకుండా, నిలబడేదాకా చేసి, నిలబడ్డాకే రెండో పుస్తకం ముట్టుకోండి.

మనుషులతో మెలగడం నేర్చుకోవాలంటే నా ఓటు కథలకే. కింద పనిచేసే కుర్రవాడు ఎందుకు ముభావంగా ఉన్నాడో, పై అధికారి మాటలో భయం ఎక్కడుందో నాకు కొంచెమైనా తెలిసిందంటే అది ఉత్తరాంధ్ర కథకుల వల్ల. శ్రీకాకుళంలో కథకుడు కాళీపట్నం రామారావు గారు 1997లో నెలకొల్పిన తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం మనకు కూతవేటు దూరంలోనే ఉన్నట్లు లెక్క. సెలవు దొరికితే ఒక పూట వెళ్లి రండి.

తొమ్మిదో మెట్టు: చదివినది పై వారికి కనిపించేలా చేయడం

పై అధికారి దగ్గర "నేను ఒక పుస్తకంలో చదివానండీ" అని మొదలుపెట్టకండి. ఆయనకు వినిపించేది తాను చదవలేదన్న మాట. బదులుగా ఒకే పేజీ నోటు రాయండి: సమస్య ఏమిటి, ముందటి అంకె ఎంత, ఏ అరలో ఎన్ని వారాలు ఏం చేసి చూశాం, ఇప్పటి అంకె ఎంత, ఇంకా ఏం సరిగా రాలేదు. చివరి సంగతి తప్పక ఉండాలి. అది లేని నోటును అనుభవం ఉన్నవారు నమ్మరు. బయోడేటాలో చదివిన పుస్తకాల పేర్లు రాయడం కూడా దండగ. "స్టోర్స్‌లో 'ఏ' తరగతి వస్తువుల లెక్కలో తేడాలు తగ్గించాను" అని అంకెతో రాస్తే, ఇంటర్వ్యూలో అడిగే రెండో ప్రశ్న దాని గురించే ఉంటుంది, దానికి జవాబు మీ శుభలేఖల కట్టలో ఉంటుంది.

పదో మెట్టు: పుస్తకాన్ని చేతులు మార్చడం

ఆదివారాలు మేము నలుగురం ఒక టీకొట్టు దగ్గర కలుస్తాం. ఒకరు బ్యాంకు క్లర్కు, ఒకరు బడిపంతులు, ఒకాయన రైల్వేలో సిగ్నల్ పని చేస్తారు. ఎవరైనా ఒకరు ఒక అధ్యాయాన్ని పుస్తకం చూడకుండా పది నిమిషాల్లో చెప్పాలి, మిగతావారు ప్రశ్నలు వేయాలి. చెప్పలేకపోయిన వారం టీ డబ్బులు వారివి. పూర్తయిన పుస్తకం మొదటి పేజీలో ఏ ప్రశ్న కోసం కొన్నామో, జవాబు ఎన్నో పేజీలో దొరికిందో, పనిలో ఏం తేలిందో మూడు వరుసల్లో రాసి తరువాతి మనిషికి ఇచ్చేస్తాం. మార్జినులో గుర్తులు చెరపం. ముందు చదివిన మనిషి ఎక్కడ ఇంటూ పెట్టాడో చూడడం ఒక్కోసారి పుస్తకం కంటే బాగుంటుంది.

తూకం యంత్రం కింది కేటలాగును కూడా అలాగే పాత దుకాణంలో ఇప్పుడు పనిచేస్తున్న కుర్రవాడికి ఇచ్చాను. నెల తిరగకుండా ఒక సాయంత్రం బేరింగు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "బాబాయ్, అయిదుతో హెచ్చించమన్నావు కదా. ఇది 6202. రెండైదులు పది. కొలిస్తే పదిహేను వస్తాందేటి?" అని అడిగాడు. కేటలాగు తెచ్చావా అని అడిగితే సంచిలోంచి తీశాడు. తరువాతి పేజీ తిప్పమన్నాను. అక్కడ ఉంది: 00కు 10, 01కి 12, 02కు 15, 03కు 17, ఐదుతో హెచ్చించే లెక్క 04 నుంచే మొదలు. వాడు నా ముందే పెన్సిలు అడిగి తీసుకుని, పక్కన "ప" అని రాశాడు.